నీటి గోడల కోట

కోటను పట్టుకోవడానికి పాతకాలపు సేనానులకు తెలిసిన దారులు మూడు. గోడ ఎక్కాలి, లేదంటే తలుపు పగలగొట్టాలి, అదీ కుదరకపోతే లోపలి మనిషిని కొనాలి. కొల్లేటికోట దగ్గర ఈ మూడూ పారలేదని కొల్లేటి ఊళ్ల కథ. కోట కొల్లేరు సరస్సు నడుమ లంక మీద ఉండేది. శత్రువు ఒడ్డునున్న చిగురుకోటలో దండు విడిశాడు. అక్కడి నుంచి చూస్తే కోట కనిపిస్తుంది గానీ చేరడానికి దారి లేదు. పడవల్లో వెళితే నడినీట్లో బాణాలకు దొరికిపోతారు. చివరికి ఆ సేన కోట జోలి మానేసి నీళ్ల మీద యుద్ధం మొదలుపెట్టింది. ఉప్పుటేరు దగ్గర కాలువ తవ్వి కొల్లేటి నీటిని సముద్రంలోకి దించేస్తే కోట దానంతటదే చేతికొస్తుందని లెక్కవేసింది.

ఆ పోరులో ఒక సేనాని దేవతల అనుగ్రహం కోసం కన్నకూతురినే బలి ఇచ్చాడట. ఆ పిల్ల పేరు మీదుగానే ఆ కాలువకు పేరంటాల కనుమ అన్న పేరు నిలిచిందంటారు. కోట ఎవరిది, గెలిచిందెవరు, ఓడిందెవరు అన్న సంగతులు చెప్పేవాళ్లను బట్టి మారుతుంటాయి. పిల్ల మాత్రం కథలోంచి జారిపోలేదు. గెలుపు లెక్క తేలేలోగా ఒక ఇంటి ఆడపిల్ల ప్రాణం పోయిందని జనం మరవదలుచుకోలేదు. ఇన్ని వందల ఏళ్ల తర్వాత కూడా ఆ పేరు పలికినప్పుడు నాకు మనసు బరువెక్కుతుంది. రాజులు కట్టించిన రాయి నిలవలేదు, రాజుల కోసం పోయిన పిల్ల పేరు నీటి మీద నిలిచింది.

ఆ కోట లాంగుల నరసింహదేవ గజపతిదని చెబుతారు. ఆయన కోణార్క సూర్యాలయాన్ని కట్టించిన 13వ శతాబ్దపు గంగరాజు. ముట్టడించినది సుల్తానుల సేన అంటారు. తేదీలు పెట్టి చూస్తే ఈ రెండూ పొసగవు. సుల్తానుల సేనలు ఈ డెల్టాలో కోటలు పట్టడానికి వచ్చింది లాంగుల నరసింహుడు పోయిన చాలాకాలానికి. 15వ శతాబ్దంలో కపిలేశ్వర గజపతి వంశంవారూ బహమనీలూ కొండపల్లి కోసం, రాజమహేంద్రవరం కోసం కొట్టుకున్నారు. 16వ శతాబ్దం మొదటి భాగంలో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి కొండపల్లి గెలుచుకున్నాడు. ఆ వెనకే గోల్కొండవాళ్లు వచ్చారు. తరాల తరబడి సాగిన ఈ కొట్లాటలన్నిటినీ లంకల్లోని జనం ఒకే ముట్టడిగా పోగుచేసి గుర్తుపెట్టుకున్నారని నాకనిపిస్తుంది. ఇక్కడ చేపలవేట మీద బతికే వడ్డీల పూర్వీకులు గజపతుల సైన్యంతో ఒడ్డె దేశం నుంచి వచ్చినవాళ్లేనన్న నమ్మకం కూడా ఉంది. రాజ్యం వెళ్లిపోయినా కాపలావాళ్లు నీళ్లను వదల్లేదన్నమాట.

ఉప్పుటేరు దాదాపు అరవై కిలోమీటర్లు పారి సముద్రంలో కలుస్తుంది. అంత పొడవు పాయను ఒక ముట్టడిలో తవ్వేయడం మనుషుల వల్ల అయ్యే పని కాదు. అడ్డుపడిన పూడిక తీసి, ముఖం లోతుచేసి ఉంటారేమో అనుకోవచ్చు. ఆ సంగతి ఎలా ఉన్నా కథలోని యుద్ధనీతి మాత్రం నూటికి నూరుపాళ్లూ నిజం. కౌటిల్యుడు కోటల రకాలు చెప్పేటప్పుడు నీటి నడుమ కోటను ప్రత్యేకంగా లెక్కపెట్టాడు. అలాంటి కోటకు రాతిగోడ ఉంటే ఉండొచ్చు, లేకపోయినా ముప్పు లేదు. దాని ప్రాకారం నీళ్లే. నీటి మట్టం ఎక్కడుందో కోట బలం అక్కడుంది. నీళ్లు దిగిపోయిన రోజున అది మామూలు మట్టిదిబ్బ.

ఈ నీళ్ల కోసం రక్తం కారడం గజపతులతో మొదలైంది కాదు. 634 నాటి ఐహోళె శాసనంలో రవికీర్తి అనే కవి తన ప్రభువు రెండో పులకేశి విజయాలు చెబుతూ కునాళ జలం దగ్గర జరిగిన యుద్ధాన్ని వర్ణించాడు. ఏనుగుల గుంపులు దిగి కలచిన ఆ నీరు చచ్చినవాళ్ల నెత్తుటితో ఎర్రబడిందన్నాడు. ఆ కునాళం మన కొల్లేరేనని చరిత్రకారులు ఎక్కువమంది ఒప్పుకున్నారు. ఆ గెలుపు తర్వాతే పులకేశి తమ్ముడు కుబ్జవిష్ణువర్ధనుడు వేంగిలో కుదురుకున్నాడు, తూర్పు చాళుక్య వంశం మొదలైంది. ఆ వంశంలోని రాజరాజ నరేంద్రుడి కొలువులోనే నన్నయ భారతం తెనిగించడం మొదలుపెట్టాడు. ఆ లెక్కన మన ఆదికావ్యానికి దారి వేసిన యుద్ధాల్లో ఒకటి ఈ సరస్సు ఒడ్డున జరిగింది. మరో నాలుగైదు వందల ఏళ్లకు విక్రమ చోళుడు యువరాజుగా వేంగిని ఏలుతున్నప్పుడు తెలుగు భీముడనే ప్రభువును ఓడించానని తన ప్రశస్తిలో చెప్పుకున్నాడు. ఆ భీముడు కొలను ప్రభువు. కొలను అనీ సరసీపురి అనీ శాసనాలు పిలిచిన పట్టణం ఈ కొల్లేటి సీమదే.

ఏలూరుకు ఉత్తరాన ఉన్న పెదవేగి ఒకనాటి వేంగి. సముద్రగుప్తుడి అలహాబాదు స్తంభం మీద వేంగి హస్తివర్మ పేరుంది. అంతటి రాజధానిలో ఇప్పుడు తవ్వకాలు జరిగిన దిబ్బా, కొన్ని విగ్రహాలూ మిగిలాయి. వేంగి రాళ్లు తెచ్చి ఏలూరు కోటకు వాడారని చెబుతారు. ఆ ఏలూరు కోట కూడా ఊళ్లో కలిసిపోయింది. ఇటు తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఉంది. విమానాలు పోయాక అది నడకకూ ఆటలకూ పనికొచ్చింది. ఈ సీమలో యుద్ధం కోసం కట్టిన ప్రతిదీ చివరికి ఇంటిపనికి దిగిపోతుంది. దాని గురించి నాకు దిగులు లేదు. రాయి మరో గోడకు పనికొస్తే మంచిదే. దిగులంతా నీటి గురించి, ఎందుకంటే నీటిని రాళ్లలా మోసుకెళ్లి మరోచోట పేర్చుకోలేం.

ఏలూరు నుంచి కైకలూరు రోడ్డు పట్టుకుంటే కాసేపటికి ఇళ్లు పలచబడతాయి. ఇరువైపులా చెరువు గట్లు మొదలవుతాయి. పెద్దయెడ్లగాడి వంతెన మీద బండి ఆపి చూస్తే కింద గుర్రపుడెక్క పచ్చగా పరుచుకుని ఉంటుంది, దాని మధ్య సన్నటి పాయలో నీరు కదులుతుంటుంది. చలికాలమైతే ఆకాశం నిండా రెక్కలే. కైకలూరు దగ్గరి ఆటపాకలో గూడబాతులు గూళ్లు కట్టుకోవడం దగ్గరగా చూడొచ్చు. వాటికి చాలినన్ని చెట్లు లేక అటవీశాఖవాళ్లు నీళ్లలో ఇనుప స్టాండ్లు పాతారు. ఆ ఇనుప చట్రాల మీద పుల్లలు పేర్చుకుని, ముక్కు కింది సంచి ఊగుతుండగా పిల్లలకు చేపలు అందించే తల్లి పక్షిని చూస్తే సంతోషమూ బాధా ఒక్కసారే కలుగుతాయి. బతకాలన్న పట్టుదల వాటిది. చెట్టు కూడా మిగల్చని తీరు మనది.

కొల్లేటికోటకు ఒకప్పుడు పడవ లేనిదే దారి లేదు. ఇప్పుడు వాహనాల మీద వెళుతున్నారు. ఊరి గుండెకాయ పెద్దింట్లమ్మ గుడి. ఆదివారాలు జనం కిటకిటలాడతారు. ఫాల్గుణ మాసంలో జాతర జరుగుతుంది, జలదుర్గకూ గోకర్ణేశ్వరస్వామికీ కల్యాణం చేస్తారు. కృష్ణా, గోదావరి డెల్టాల ఊళ్ల నుంచీ మొక్కులు మోసుకుని వస్తారు. పొయ్యిలు వెలిగించి పొంగళ్లు వండుతారు. పిల్లలకు పుట్టువెంట్రుకలు తీయిస్తారు. కోట కోసం వచ్చినవాడికి బురుజులూ కందకాలూ కనిపించవు. రాజు ఎక్కడ కూర్చునేవాడో చూపించేవాళ్లు లేరు. అమ్మవారు కూర్చున్న చోటు మాత్రం అందరికీ తెలుసు.

గుడి చూసుకున్నాక రేవులో ఒక పెద్దాయన పడవ ఎక్కాను. పట్టణపు మనిషి వేసే ప్రశ్నే వేశాను. "కోట గోడ ఎటువైపు ఉండేది బాబాయ్?" ఆయన జవాబివ్వకుండా చేతిలోని గెడను నిటారుగా నీళ్లలోకి దించి, నేల తగిలాక పైకి లాగి నా ముందు పెట్టాడు. వెదురు మీద తడి మూరెడు కూడా లేదు. దాని కింద జానెడు నల్లటి బురద, ఆ బురదలో చిక్కుకున్న తూడు వేళ్లు. వేలితో బురద తుడిచి ఆ గుర్తు చూపిస్తూ అన్నాడు: "మా నాన్న కాలంలో ఇక్కడ గెడ అందేది కాదండి. తెడ్డేసుకునేవాళ్లు. ఇప్పుడు ఎండాకాలం వస్తే పడవ దిగి తోసుకోవాలి." నేనడిగింది గోడ గురించి, ఆయన చెప్పింది లోతు గురించి. తిరుగు దారంతా ఆలోచిస్తే ఆయన నా ప్రశ్నకే సూటిగా జవాబిచ్చాడని తెలిసింది. ఈ కోట గోడ ఎంత కూలిందో ఆ గెడ మీద తడి గుర్తు చెప్పేసింది.

ఇక్కడి నుంచి సముద్రం వైపు వెళితే మచిలీపట్నంలో బందరు కోట ఉంది. రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాల్సిందే. డచ్చివాళ్లు, ఫ్రెంచివాళ్లు, ఇంగ్లీషువాళ్లు వ్యాపారం కోసం ఆ తీరానికి వచ్చి ఫిరంగులతో స్థిరపడ్డారు. బందరు కోట చుట్టూ ఉప్పుబురద నేల. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ దాన్ని ముట్టడించినప్పుడు లోపలున్న ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ ఆ బురదను గోడ కింద లెక్కపెట్టుకున్నాడు. అటువైపు నుంచి ఎవరూ రాలేరన్న ధీమా. ఫోర్డ్ రాత్రివేళ దాడి చేశాడు, ఒక దళాన్ని ఆ బురద దిక్కునే నడిపించాడు. తెల్లారేసరికి కోట ఇంగ్లీషువాళ్లది. అప్పటికి సాయంగా సేనతో బయల్దేరిన నిజాం సలాబత్ జంగ్ మనసు మార్చుకుని మచిలీపట్నం సీమను ఇంగ్లీషువాళ్లకు రాసిచ్చాడు. ఉత్తర సర్కారుల్లో ఫ్రెంచి ప్రాబల్యం అంతటితో ముగిసింది.

అయితే బందరు కోట అసలు ఓటమి ఫోర్డ్ చేతిలో జరగలేదు. 1864 నవంబరు 1 రాత్రి తుఫానులో సముద్రం లేచి ఊరి మీద పడింది. సుమారు 30,000 మంది పోయారు. ఆ తర్వాత దండు ఆ కోటలో నిలవలేదు. ఇప్పుడు అక్కడికి వెళితే పెచ్చులూడిన ఆయుధాగారం గోడలు, ఇటుకల సందుల్లోంచి వేళ్లు దించిన రావిమొక్కలు కనిపిస్తాయి. ఊళ్లో డచ్చివాళ్ల సమాధుల మీద చెక్కిన అక్షరాలు ఇంకా చదవొచ్చు. నీటికి ఎదురుగా గోడ కట్టుకున్న కోట అది, నీరే దాన్ని కూల్చింది. నీటినే గోడగా పెట్టుకున్న కోట కొల్లేటిది, నీరు ఉన్నంతకాలం దానికి చావు లేదు. తీరాన ఎలా బతకాలో ఈ రెండు కోటలూ కలిసి చెబుతున్నాయి. నీటిని శత్రువుగా చూసినవాడి పని ఒక్క రాత్రిలో ముగుస్తుంది. నీటితో పొత్తు పెట్టుకున్నవాడికి తరాల కాపలా దొరుకుతుంది.

కొల్లేరు సముద్రానికి దూరంగా ఉంది కదా, దాన్ని తీరపు కోట అనడమేమిటని ఎవరైనా అడగొచ్చు. భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పేదాని ప్రకారం వేల ఏళ్ల కిందట తీరరేఖ ఇక్కడే ఉండేది. కొల్లేరు అప్పట్లో సముద్రపుటంచు ఉప్పుకయ్య. అటు గోదావరీ ఇటు కృష్ణా ఏటేటా ఒండ్రు తెచ్చి పోసి రెండు డెల్టాలను ముందుకు పెంచుకుంటూ పోతే, మధ్యలో ఈ పల్లం మంచినీటి సరస్సుగా మిగిలింది. సముద్రంతో బంధం మాత్రం తెగలేదు. ఉప్పుటేరే ఆ బంధం. వానాకాలంలో సరస్సు నీరు అటు పోతుంది, ఎండాకాలంలో సరస్సు దిగిపోతే ఉప్పునీరు ఇటు ఎగదన్నుతుంది. కాపలా ఏమాత్రం సడలినా సముద్రం వెనక్కి వచ్చి తన పాత చోటు అడుగుతుందన్నమాట.

రాజులు పోయాక కోటకు పనిలేదనుకుంటాం. కొల్లేరు ఇంకా పనిలోనే ఉంది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, వీటికి తోడు పొలాల మురుగు కాలువలు, అన్నీ వచ్చి పడేది ఇందులోనే. రెండు డెల్టాల మధ్య వరదను పొట్టలో పెట్టుకుని మెల్లగా సముద్రానికి వదలడం దాని కొలువు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచింది. ఆ నీరు కొల్లేటికి చేరాక ఏలూరు–కైకలూరు రోడ్డు మునిగింది, లంక గ్రామాలు రోజుల తరబడి నీళ్ల మధ్య చిక్కుకున్నాయి. సరస్సు తన చోటులో తానుంటే ఊళ్లకు గోడ. దాని చోటు మనం ఆక్రమిస్తే అదే నీరు ముట్టడికి దిగుతుంది.

చోటు ఎలా పోయిందో తెలియనిదేం కాదు. 1970ల నుంచి సహకార సంఘాల పేరుతో సరస్సు లోపల చేపల చెరువులకు ప్రభుత్వాలే దారి తెరిచాయి. పేదల బతుకు బాగుపడాలన్నది ఉద్దేశం. మావులు పెట్టి, వలలు వేసి కొర్రమీనూ జెల్లా ఇంగిలాయీ పట్టుకుని అమ్ముకునే కుటుంబాలకు నిలకడైన రాబడి కావాలి, అందులో తప్పేముంది? కానీ చెరువుకు పెట్టుబడి కావాలి, పెట్టుబడి బయటినుంచి వచ్చింది, లీజులు చేతులు మారాయి, గట్లు లేచాయి. పారే నీరు గళ్లు గళ్లుగా నిలిచిపోయింది. 1999లో ఐదో కాంటూరు (సముద్రమట్టం నుంచి ఎత్తును చూపే రేఖ) లోపలి 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా గుర్తింపు వచ్చింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లు కొట్టేశారు. రెండేళ్లకే, 2008లో, హద్దును మూడో కాంటూరుకు తగ్గించాలని శాసనసభ తీర్మానం చేసింది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఈలోగా కొట్టేసిన గట్లు కొన్నిచోట్ల మళ్లీ లేచాయి.

పాడుబడిన కోటలు చూడ్డానికి వెళ్లినప్పుడు కాలం చేసిన నష్టాన్ని కళ్లారా చూస్తాం. విరిగిన బురుజు దగ్గర నిలబడితే ఎంత పోయిందో చెప్పాల్సిన పని ఉండదు. నీటి కోట పాడుబడినప్పుడు అలా కనిపించదు. గట్ల మీద కొబ్బరిచెట్లు ఊగుతుంటాయి, ఐసు వేసిన చేపల పెట్టెలు లారీలకెక్కుతుంటాయి, మేత బస్తాలు దిగుతుంటాయి. చూసేవాడికి అది కళకళలాడే సంపద. ఆ సంపద మీద ఆధారపడిన ఇళ్లు నిజమైనవే, వాటి కష్టం నిజమైనదే. అయినా అంతటి పచ్చదనం మధ్య నిలబడి నేను చూస్తున్నది శిథిలాన్నే అని నాకు స్పష్టంగా తెలుసు. ఆనాడు పరాయి సేన బయటినుంచి చేయబోయిన పనిని మనం లోపలినుంచి చేస్తున్నాం, అదీ యుద్ధమేమీ లేకుండా.

అందుకే ఐదో కాంటూరు గురించి జరిగే వాదన నాకు కేవలం సర్వే నంబర్ల గొడవగా అనిపించదు. కొల్లేటికోటకు మిగిలిన ప్రాకారం అదొక్కటే. బందరు కోట ఇటుకలకు పురావస్తు చట్టం రక్షణ ఉంది, ఎవరైనా ఒక గోడ పగలగొడితే కేసవుతుంది. కొల్లేటి నీటిమట్టాన్ని కూడా అదే పట్టుదలతో కాపాడాలి. ఐదో కాంటూరు లోపల జిరాయితీ భూములు ఉన్నవాళ్లకు న్యాయమైన పరిహారం ఇవ్వాలి. వేట మీద బతికే కుటుంబాలకు సరస్సులో వేట హక్కు నిలపాలి. ఉప్పుటేరులో పూడిక తీసి, ఉప్పునీరు ఎగదన్నకుండా ఎన్నాళ్లుగానో అడుగుతున్న రెగ్యులేటర్లు కట్టాలి. ఇవేవీ కొత్త కోరికలు కావు. లంకల్లో ఎవరిని అడిగినా వేళ్ల మీద లెక్కపెట్టి చెబుతారు.

నాకున్న కోరిక మరొకటి. ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు, ఆకివీడు బడుల పిల్లలను ఏడాదికోసారి కొల్లేటికోటకు తీసుకెళ్లాలి. గజపతి కథ చెప్పాలి, పేరంటాలు కథ చెప్పాలి, పులకేశి ఏనుగుల కథ చెప్పాలి. తర్వాత వాళ్లను పడవలెక్కించి, గెడలిచ్చి, లోతు కొలిచి నోటుపుస్తకంలో తేదీ వేసి రాయించాలి. మరుసటి ఏడు వచ్చే పిల్లలు అదే చోట మళ్లీ కొలుస్తారు. పాత అంకెకూ కొత్త అంకెకూ తేడా ఎందుకొచ్చిందని పంతులుగారిని, సర్పంచిని, శాసనసభ్యుణ్ని అడుగుతారు. చిన్నప్పుడే ఆ ప్రశ్న అడగడం అలవాటైన తరం ఓటు వేసే వయసుకు వచ్చినప్పుడు, హద్దు తగ్గిస్తామని చెప్పడానికి ఎవరైనా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. ఈ కోటకు ఇప్పుడు కావలసిన సైన్యం ఆ పిల్లలే.